వెర్డన్‌లో ఇనుప మెట్లు

మాంట్రియల్‌లోని పాత ఇళ్లకు మేడమెట్లు ఇంటి లోపల ఉండవు. వీధి అంచున మొదలై, మలుపు తిరిగి, రెండో అంతస్తు వరండాకు చేరే ఇనుప మెట్లు ఇంటింటి ముందూ కనిపిస్తాయి. 1991 నవంబరులో మేము వెర్డన్ పేటలో అద్దెకు దిగిన ఇల్లు కూడా అలాంటి మూడంతస్తుల ఇల్లే. కింది అంతస్తులో ఇంటి యజమానురాలు, ఫ్రెంచి మాతృభాషగా గల ఒక పెద్దావిడ, భర్త పోయాక ఒంటరిగా ఉండేవారు. పై అంతస్తులో ఇంగ్లీషు మాతృభాషగా గల ఒక పెద్దాయన ఉండేవారు. స్కాట్లాండు నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టి, పక్కనే ఉన్న పాయింట్ సెయింట్ చార్లెస్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి ఆయన. ఆ ఇంట్లో అద్దెకు చేరి అప్పటికే ఇరవై నాలుగేళ్లయిందట. నడుమ మా వారు, నేను, నాలుగేళ్ల మా అబ్బాయి. ఆ ఇద్దరి మధ్య పదమూడేళ్లు కాపురం చేశాం. కెనడాలో ఫ్రెంచి, ఇంగ్లీషు వారి తగవుల గురించి ఎవరైనా ప్రస్తావిస్తే నాకు రాజకీయ నాయకులెవరూ గుర్తుకు రారు. గడ్డకట్టిన ఆ మెట్ల మీద ఉప్పు చల్లుతూ మాట్లాడుకునే ఆ ఇద్దరే కళ్ల ముందు నిలుస్తారు.

ఫ్రెంచి నాకు పూర్తిగా పరాయి భాష కాదు. మాది యానాం. చుట్టూ ఆంధ్ర ప్రాంతమే అయినా, 1954 జూన్ వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండిన గోదావరి ఒడ్డు ఊరు. మా తాతయ్య అక్కడి ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. నా చిన్నతనంలో సాయంత్రం పూట అరుగు మీద కూర్చోబెట్టి, ఎక్కాలు అయిపోయాక, ఒకటి నుంచి ఇరవై వరకు ఫ్రెంచి అంకెలు చెప్పించేవారు. ఊరు భారతదేశంలో కలిసినందుకు మనసారా సంతోషించిన మనిషే, అయినా తాను చదువుకున్న భాష మీద ఏనాడూ కోపం పెట్టుకోలేదు. దొరలు వెళ్లిపోయారు గాని వాళ్ల భాష నన్నేమీ అనలేదు కదమ్మా అనేవారు. ఆ మాట బరువు నాకు వెర్డన్ వెళ్లాకే తెలిసింది.

అయితే తాతయ్య నేర్పిన ఫ్రెంచి ఒకటి, మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో జనం మాట్లాడే ఫ్రెంచి మరొకటి. మేము దిగిన నెలలోనే కింది పెద్దావిడ, ఆవిడను మేమందరం మదామ్ అనే పిలిచేవాళ్లం, మమ్మల్ని ఒక ఆదివారం ‘దినే’కి రమ్మన్నారు. తాతయ్య చెప్పిన ప్రకారం దినే అంటే రాత్రి భోజనం. మేము సాయంత్రం ఏడు గంటలకు పండ్లు పట్టుకుని వెళ్లాం. క్యూబెక్‌లో పొద్దుటి ఫలహారం దెజ్యునే, మధ్యాహ్న భోజనం దినే, రాత్రి తినేది సూపే అని ఆ గుమ్మం దగ్గరే తెలుసుకున్నాను. మేము మాంసం తినమని పైవారి ద్వారా ముందే కనుక్కుని, పంది మాంసం వేయకుండా బఠాణీ సూపు కాచి, మధ్యాహ్నం పన్నెండు నుంచి బల్ల మీద పళ్లేలు సర్దుకుని ఆవిడ ఎదురు చూశారు. పిలిచిన మరో అతిథి పై అంతస్తు పెద్దాయన. ఆయన కూడా భోంచేయకుండా రెండు గంటల దాకా ఆవిడతో పాటు మా కోసం కూర్చున్నారట. నేను సిగ్గుతో కుంచించుకుపోతుంటే ఆవిడ ఏమీ ఎరగనట్టు సూపు మళ్లీ వెచ్చబెట్టి, పైకి కేకేసి ఆయనను కూడా రెండోసారి పిలిచి, అందరికీ వడ్డించారు.

ఆ రాత్రే మొదటిసారి ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం విన్నాను. ఆవిడ ఫ్రెంచిలో అడుగుతున్నారు, ఆయన ఇంగ్లీషులో జవాబు చెబుతున్నారు. ఆయన ఇంగ్లీషులో ఏదో చమత్కరిస్తే ఆవిడ నవ్వి ఫ్రెంచిలో బదులిస్తున్నారు. ఒకరి భాష ఒకరికి రాదేమో, ఊరికే మర్యాదకు తలలూపుతున్నారేమో అనుకున్నాను. కొన్ని నెలలు గమనిస్తే గాని అసలు సంగతి బోధపడలేదు. ఎదుటివారి భాష ఇద్దరికీ చక్కగా అర్థమవుతుంది, కాని ఎవరి మాట వారిదే. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆయన అద్దె చెక్కు పట్టుకుని కిందికి దిగడం, ఆవిడ కాఫీ కలపడం, గంటసేపు రెండు భాషలు ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకోవడం ఆ ఇంట్లో ఒక వ్రతంలా జరిగేది. మన చిత్తూరు, బళ్లారి సరిహద్దు ఊళ్లలో ఒకరు తెలుగులో బేరమాడితే రెండోవారు తమిళంలోనో కన్నడంలోనో ధర చెప్పడం చూసినవారికి ఇది వింతగా తోచదు. కాని మాంట్రియల్‌లో దీని వెనుక పెద్ద చరిత్ర ఉంది, ఆ చరిత్ర అంతా సుఖమైనది కాదు.

ఇంకొక చిన్న సంగతి. ఫ్రెంచిలో మన మీరు, నువ్వు లాగే ‘వూ’, ‘త్యూ’ అని రెండున్నాయి. అన్నేళ్ల స్నేహంలోనూ మదామ్ ఆయనను ‘వూ’ అనే అనేవారు. ఇంగ్లీషులో ఆ తేడా చూపించే వీలు లేదు కనుక, ఆయన ఆవిడ ఎదురైనప్పుడల్లా టోపీ తీసేవారు. చలికాలంలో సున్నాకు ఇరవై డిగ్రీల కింద కూడా తీసేవారు.

మదామ్ యవ్వనంలో, అంటే 1950ల చివర్లో, నగరం నడిబొడ్డున ఒక పెద్ద బట్టల దుకాణంలో పనిచేశారు. నగరంలో ఎక్కువమంది ఫ్రెంచివారే అయినా, ఆ అంతస్తులో కొనడానికి వచ్చినవారితో ఇంగ్లీషులోనే మాట్లాడాలని పైవారి ఆజ్ఞ. ఒకరోజు తన సొంత తల్లి చేతి తొడుగులు కొనడానికి వస్తే, పర్యవేక్షకుడు పక్కనే నిలబడి ఉన్నందున, ఆవిడతో ఇంగ్లీషులో మాట్లాడవలసి వచ్చిందట. తల్లికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు మదామ్‌కు అరవై దాటాయి, అయినా చెప్పడం పూర్తి చేయలేకపోయారు. ఆ రోజు నుంచి అవసరమైతే తప్ప ఇంగ్లీషు మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నారు. ఇది ఆవిడ ఒక్కరి కథ కాదు. ద్విభాషా సమస్య మీద కెనడా ప్రభుత్వం 1963లో వేసిన రాయల్ కమిషన్ లెక్కలు తీస్తే, క్యూబెక్‌లోనే పద్నాలుగు జాతుల వారి ఆదాయాల్లో ఫ్రెంచి సంతతి వారిది పన్నెండో స్థానమని తేలింది. సొంత గడ్డ మీద తమ భాషతో పొట్ట గడవని స్థితి అది. ఆ కమిషన్ ఫలితంగానే 1969లో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ దేశానికి అధికార భాషలయ్యాయి. 1977లో క్యూబెక్ మరింత ముందుకు వెళ్లి, 101వ చట్టంతో బడి, దుకాణం, పనిచోటు అన్నింటా ఫ్రెంచికి అగ్రస్థానం ఇచ్చుకుంది.

పెద్దాయన వైపు కూడా ఒక గాయం ఉంది. 1976 నవంబరులో కెనడా నుంచి వేర్పాటును కోరే పార్టీ క్యూబెక్‌లో అధికారంలోకి వచ్చాక ఇంగ్లీషు వారు వేల సంఖ్యలో టొరంటో దారి పట్టారు. ఆయన ఇద్దరు కొడుకులూ అలాగే వెళ్లిపోయారు. నాన్నా, నువ్వూ వచ్చెయ్ అని ఏటా పిలిచేవారు. ఆయన వెళ్లలేదు. ఇక్కడి చలి అలవాటైపోయిందని చెప్పేవారు గాని, టొరంటోలో మాత్రం చలి లేదా అని నేను మనసులో అనుకునేదాన్ని.

ఆ 101వ చట్టం మా ఇంటికీ వచ్చింది. తల్లిదండ్రుల్లో ఒకరైనా కెనడాలో ఇంగ్లీషు మీడియంలో ప్రాథమిక విద్య చదివి ఉంటే తప్ప, వలస వచ్చినవారి పిల్లలు ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడుల్లో ఫ్రెంచి మీడియంలోనే చదవాలి. మన తెలుగు కుటుంబాలు చాలా ఇందుకు బాధపడ్డాయి. కొందరు పిల్లల చదువు కోసమే టొరంటోకు మారిపోయారు. మా వారు కూడా రెండు రాత్రులు నిద్రపోలేదు. కొత్తగా వచ్చిన పిల్లలకు భాష నేర్పే ‘క్లాస్ దక్కయ్’లో అబ్బాయిని కూర్చోబెట్టాం. ఆరు నెలల్లో వాడు కింద మదామ్‌తో ఫ్రెంచిలో, పైన తాతగారితో ఇంగ్లీషులో, నడుమ నాతో తెలుగులో మాట్లాడుతూ మెట్లు ఎక్కి దిగేవాడు. ఆ చట్టం మా వాడికి మేలే చేసిందని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఊళ్లో ఎక్కువమంది మాట్లాడే భాష రాకుండా ఊరు మనదెలా అవుతుంది? నేను కూడా ప్రభుత్వం వలసవారి కోసం నడిపిన ‘కోఫి’ కేంద్రంలో ఉచితంగా ఫ్రెంచి నేర్చుకున్నాను. నా పక్క బల్లల మీద వియత్నాం ఆమె, లెబనాన్ ఆయన, శ్రీలంక తమిళ దంపతులు ఉండేవారు. ఫ్రెంచివారు ఫ్రాంకోఫోన్లు, ఇంగ్లీషువారు ఆంగ్లోఫోన్లు, మాలాంటి మిగతా అందరం అలోఫోన్లు అని అక్కడే తెలిసింది. వేయేళ్ల సాహిత్యం ఉన్న నా భాషకు ‘ఇతర’ అని పేరు పెట్టడం మొదట్లో గుచ్చుకున్న మాట నిజం.

గుచ్చుకున్నవి ఇంకా ఉన్నాయి. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అబ్బాయి టీకాల కాగితాల కోసం వెళ్లినప్పుడు, నా ఫ్రెంచి తడబడితే ఒక మాట ఇంగ్లీషులో అడిగాను. కౌంటరు వెనుక ఉన్నామె నా ప్రశ్న అర్థమైన ముఖంతోనే కాగితాలు వెనక్కి నెట్టింది. అదే ఏడాది నగరం పడమటి వైపు ఒక దుకాణంలో, నేను ఫ్రెంచిలో అడిగితే, ఇక్కడ ఆ భాష మాకు అక్కర్లేదని ఇంగ్లీషులో జవాబు వచ్చింది. రెండింటి గురించీ ఆ ఇద్దరికీ చెప్పాను. మదామ్ కార్యాలయం సంగతికి, పెద్దాయన దుకాణం సంగతికి తలదించుకున్నారు. ఎదుటి పక్షం తప్పు మీద ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత టీకాల కాగితాల కోసం నాతో వచ్చింది పెద్దాయన కాదు, మదామ్. కౌంటరు ముందు నిలబడి, ఈవిడ ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులో చెప్పండి, నేర్చుకుంటున్న మనిషిని బెదరగొడితే మన భాషకేం లాభం అని, వరుసలో ఉన్నవారందరికీ వినిపించేలా ఫ్రెంచిలో అన్నారు.

1995 శరత్కాలం వచ్చింది. క్యూబెక్ స్వతంత్ర దేశం కావాలా అన్న ప్రశ్న మీద ప్రజాభిప్రాయ సేకరణ. 1980లో ఒకసారి అడిగితే అరవై శాతం వరకు వద్దన్నారు. ఈసారి గాలి అటూ ఇటూ ఊగుతోంది. వెర్డన్ వీధుల్లో వరండా వరండాకు అట్టలు వేలాడాయి, కొన్ని ‘వీ’ అని, అంటే అవునని, కొన్ని ‘నాన్’ అని, అంటే వద్దని. మా ఇంటికి కింద వీ, పైన నాన్. నడుమ మా వరండా ఖాళీ. ఆ ఏడే మాకు పౌరసత్వం వచ్చింది, ఓటుంది. ఎవరికి వేస్తారని ఇద్దరిలో ఎవరూ నన్ను అడగలేదు.

అక్టోబరు మధ్యలో ఒకరోజు మదామ్ నా వంటింట్లో కూర్చుని, మీ భాషకు దేశం ఉందా అని అడిగారు. దేశం లేదు, రాష్ట్రం ఉందన్నాను. అది ఎలా వచ్చిందో చెప్పవలసి వచ్చింది. 1952లో మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహార దీక్ష చేసి డిసెంబరు 15న ప్రాణం విడిచారని, ఆ మరుసటి ఏడు అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందని, మేము ఇండియాను విడిచి వెళ్లలేదని, మా మాటకొక చూరు మాత్రం కట్టుకున్నామని నాకు వచ్చిన ఫ్రెంచిలో చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ పేరు మళ్లీ చెప్పమన్నారు. రెండుసార్లు పలికించుకుని, సరిగా వచ్చిందా అని అడిగి, కిందికి వెళ్లారు.

అక్టోబరు 27న మిగతా రాష్ట్రాల నుంచి బస్సుల్లో, విమానాల్లో జనం తరలివచ్చి నగరం మధ్య పెద్ద సభ చేశారు. మీరంటే మాకు ప్రేమ, వెళ్లిపోవద్దు అని క్యూబెక్ వారికి చెప్పడానికి వచ్చారు. మదామ్ టీవీ ముందు కూర్చుని, ఇన్నేళ్లలో ఎన్నడూ రాలేదు కదా అని బాధపడ్డారు. ఆ సభకు పెద్దాయన వెళ్తారనుకున్నాను. ఆయన వెళ్లలేదు. ఆ మాట చెప్పడానికి నేను బస్సు ఎక్కనక్కర్లేదు, మెట్లు దిగితే చాలు అన్నారు.

30వ తేదీన నూటికి 93 మందికి పైగా ఓటు వేశారు. రాత్రి లెక్కింపు చూస్తుంటే ఊపిరాడలేదు. వద్దన్నవారు 50.58 శాతం, కావాలన్నవారు 49.42 శాతం. తేడా 54,288 ఓట్లు. ఆ రాత్రే రాష్ట్ర ప్రధాని జాక్ పారిజో వేదిక ఎక్కి, డబ్బు, పరజాతుల ఓట్లు కలిసి తమను ఓడించాయని అన్నారు. పరజాతులంటే మేమే. మా వారు టీవీ కట్టేశారు. అబ్బాయిని మర్నాడు బడికి పంపాలా వద్దా అని ఆ రాత్రి ఇద్దరం తర్జనభర్జన పడ్డాం.

తెల్లవారకముందే పైన చప్పుడైంది. లేచి చూస్తే పెద్దాయన చలికోటు తొడుక్కుని తన వరండా నుంచి నాన్ అట్ట విప్పుతున్నారు. గెలిచిన మనిషి ఇంత తొందరగా తీసేయడమెందుకని అడిగాను. ఆవిడ ఏడింటికి చర్చికి వెళ్తుంది, తలెత్తితే కనబడుతుంది అన్నారు. ఎనిమిదింటికి మదామ్ మా తలుపు తట్టారు. ఎన్నికల ఊసు ఎత్తలేదు. బాబు తయారయ్యాడా, ఈ రోజు నేను దింపి వస్తాను అన్నారు. వాడి చెయ్యి పట్టుకుని, మామూలుగా వెళ్లే అడ్డదారిన కాక, దుకాణాలన్నీ ఉన్న వెల్లింగ్టన్ వీధి గుండా, కనిపించిన ప్రతివారినీ పలకరిస్తూ, బడి గేటు దాకా నడిపించుకుని వెళ్లారు. పారిజో ఆ రోజే రాజీనామా ప్రకటించారు. మదామ్ వీ అట్ట వానకు తడిసి వారం తర్వాత కూడా వేలాడుతుంటే, ఆవిడకు నిచ్చెన ఎక్కే వీలు లేదని పెద్దాయనే ఎక్కి విప్పి, చింపకుండా మడిచి ఆవిడ చేతికిచ్చారు.

1998 జనవరి 5న మొదలైన మంచువాన గురించి ఆ ఊరివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. పడిన వాన పడినట్టే గడ్డకట్టి, తీగలు, చెట్లు, ఉక్కు స్తంభాలు బరువుకు కూలిపోయాయి. లక్షల ఇళ్లలో కరెంటు పోయింది. 9వ తేదీన నీటి శుద్ధి కేంద్రాలకు కూడా కరెంటు ఆగిపోయి, నగరానికి మంచినీళ్లకు ముప్పు వచ్చింది. మదామ్ ఇంట్లో ఒక్కదాంట్లోనే గ్యాసు పొయ్యి ఉండేది. ఆరు రాత్రులు మూడు అంతస్తుల వాళ్లం ఆవిడ వంటింట్లోనే గడిపాం. నేను ఉప్మా, మిరియాల చారు చేశాను. పెద్దాయన చారును గ్లాసులో పోయించుకుని టీలా తాగేవారు. బ్యాటరీతో పనిచేసే రేడియో ఒక్కటే ఉంది. ఒక గంట ఫ్రెంచి రేడియో-కెనడా, ఒక గంట ఇంగ్లీషు సీబీసీ. రెండూ ఒకే ప్రభుత్వ సంస్థ శాఖలే, చెప్పే వార్తలూ దాదాపు ఒకటే. గంట కొట్టగానే మదామ్ తానే మీట తిప్పి ఇంగ్లీషు పెట్టేవారు. ఆ మరుసటి గంటకు ఆయన తిప్పి ఫ్రెంచి పెట్టేవారు. తన వంతు తాను తీసుకున్నట్టు కాక, ఎదుటివారి వంతును ఎదుటివారు అందించినట్టు ఉండేది. అబ్బాయి గడియారం చూసి ఎవరి వంతో కేకేసేవాడు.

2000 మే నెలలో మాంట్రియల్ జట్టు హాకీ వీరుడు, ఫ్రెంచివాడైన మోరిస్ రిషార్ పోయినప్పుడు ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నోట్రడామ్ బసిలికాలో అంత్యక్రియలు టీవీలో చూశారు. ఆవిడ అతన్ని మావాడు అనేవారు. ఆయన కూడా మావాడనే అనేవారు. 

2004లో మా వారి ఉద్యోగం వల్ల ఆట్టావాకు మారాం. రెండేళ్లకు, ఫిబ్రవరిలో, పెద్దాయన పోయారని మదామ్ ఫోన్ చేశారు. మేము ముగ్గురం కారులో వెళ్లాం. వెర్డన్‌లోని ప్రొటెస్టెంటు చర్చిలో టొరంటో నుంచి వచ్చిన కొడుకులు, మనుమలు ముందు వరుసలో ఉన్నారు. మదామ్‌ను నాలుగు మాటలు చెప్పమన్నారు. పిల్లలకు ఫ్రెంచి రాదు, ఇంగ్లీషులో చెబితే బాగుంటుందని పెద్ద కొడుకు వినయంగా అడిగాడు. ఆవిడ, నేను ఆయనతో ఏనాడూ ఇంగ్లీషులో మాట్లాడలేదు, ఈ రోజు మాట్లాడితే ఆయన నన్ను పోల్చుకోరు అన్నారు. తర్వాత మా అబ్బాయి వైపు చూశారు. వాడికి పందొమ్మిదేళ్లు. లేచి వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

ఆవిడ ఒక వాక్యం చెప్పడం, వాడు ఇంగ్లీషు చేయడం. మెట్ల మీద ఉప్పు, ఒకటో తారీఖు కాఫీ, నిచ్చెన, రేడియో అన్నీ వచ్చాయి. చివర ఆవిడ, ‘ఇల్ మా దెపనే’ అన్నారు. మేము ఆ ఇంట్లో దిగిన మొదటి రాత్రి పాలు లేకపోతే కిందివారు, పైవారు ఇద్దరూ ఒకే మాట చెప్పి మమ్మల్ని వీధి మలుపు చిల్లర కొట్టుకు పంపారు. ఆవిడ ‘దెపనర్’ అన్నారు, ఆయన దాన్నే కుదించి ‘డెప్’ అన్నారు. ఆ కొట్టుకు పేరు ఆ క్రియ నుంచే వచ్చింది. బండి ఆగిపోయిన చోట, ఇంట్లో పాలు నిండుకున్న వేళ, దిక్కు తోచని గడియలో మరొకరు ఆ పూట గట్టెక్కించడమని దాని అర్థం. మా అబ్బాయి నోరు తెరిచి, ఆగాడు. ఇంగ్లీషులో మాట కోసం వెతుక్కుని, దొరక్క, ఆవిడ అన్న మాటనే ఫ్రెంచిలో మళ్లీ అన్నాడు. ముందు వరుసలో టొరంటో పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెనుక వరుసల్లో ఉన్న వెర్డన్ ముసలివాళ్లు, ఆయనతో రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన ఇంగ్లీషు వాళ్లు, తలలూపారు.